పగిలిన గిటారు బాగుచేయడానికి కొన్న పనిముట్లు: ఏవి ధరకు తగినవి, ఏవి కావు

ఈ గిటారు మా బావమరిదిది. 2004లో విశాఖపట్నంలో కొన్నాడు. దాని పైచెక్క ప్లైవుడ్ కాదు. మధ్యలో అతికిన రెండు స్ప్రూస్ పలకలు. పక్కలు, వెనక భాగం మహాగని. సముద్రపు గాలిలో పన్నెండేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా మోగిన ఆ వాయిద్యం ఉద్యోగం మారి హైదరాబాదు వచ్చాక, తీగలు వదులు చేయకుండానే, అటకెక్కింది. గత ఏప్రిల్‌లో కిందికి దించి చూస్తే, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి వెనక అంచు పైకి లేచి, కింద ఒక విజిటింగ్ కార్డు ఆరు మిల్లీమీటర్ల లోతు వరకు సులభంగా దూరింది. బ్రిడ్జి దగ్గర మొదలైన చీలిక ఒకటి చెక్క నార వెంబడి పదకొండు సెంటీమీటర్లు కిందికి సాగింది. వేలితో తట్టితే లోపల ఎక్కడో ఒక బ్రేస్, అంటే పైచెక్కకు బలంగా కింద అతికించే చెక్కపట్టీ, ఊడి గలగలమంది. మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ, అంటే నట్, ఒక మూల విరిగింది. ఇవన్నీ ఒక ఎత్తయితే, అంతకు అయిదేళ్ల ముందు ఒక దుకాణంలో బ్రిడ్జిని ఊడదీయకుండానే దాని సందులో ఎపాక్సీ అనే, రాయిలా గట్టిపడే రసాయన బంక పోసి అతికించి ఇవ్వడం మరో ఎత్తు.

నేను వృత్తిరీత్యా వడ్రంగిని కాను, వాయిద్యాల మరమ్మతు నాకు జీవనోపాధీ కాదు. దాదాపు మూడు నెలల పాటు శని, ఆదివారాల్లో ఈ పని చేశాను. అందుకోసం కొన్న పనిముట్ల గురించే ఈ సమీక్ష. అన్నీ నా డబ్బుతో కొన్నవే. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఉలికి, సానరాయికి, సన్నరంపానికి పెట్టిన ప్రతి రూపాయీ దక్కింది. చెక్కను నునుపు చేసే చిత్రిక విషయంలో పాతదే మేలు. అతికిన ముక్కలను బిగించి పట్టే క్లాంపులకు, నట్ గాట్లు కోసే ఆకురాళ్లకు పెద్ద మొత్తం పెట్టనక్కరలేదు.

పనిముట్ల సంగతికి వెళ్లేముందు చెక్క ఎందుకు పగిలిందో చెప్పాలి, ఎందుకంటే ఏ పనిముట్టు అవసరమో తేల్చేది అదే. చెక్క గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. నార పొడవునా దాదాపు మార్పుండదు, అడ్డంగా మాత్రం ఉంటుంది. గిటారు పైచెక్క అత్యంత వెడల్పైన చోట దాదాపు నలభై సెంటీమీటర్లు ఉంటుంది కనుక, విశాఖ తేమలో స్థిరపడిన చెక్క హైదరాబాదు వేసవి పొడిగాలిలో అడ్డంగా ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గాలని చూస్తుంది. అయితే దాని కింద అడ్డంగా అతికించిన బ్రేసులు, పైన అడ్డంగా అతికించిన బ్రిడ్జి దాన్ని తగ్గనివ్వవు. అప్పుడు చెక్కకు మిగిలిన దారి చీలడమే. దీనికి తోడు, లైట్ రకం తీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు బ్రిడ్జిని లాగే బలం సుమారు డెబ్బై కిలోలు. ఒక మనిషి బరువంత లాగుడును వేసవిలో కాగిపోయే అటక మీద, వేడికి మెత్తబడే బంక భరిస్తూ ఉందన్న మాట. అది లేవడంలో వింతేమీ లేదు.

మొదటి పని బ్రిడ్జిని ఊడదీయడం. చుట్టూ ఉన్న పాలిష్ కాలకుండా అట్టముక్కకు అల్యూమినియం రేకు చుట్టి, బ్రిడ్జి ఆకారంలో కిటికీ కోసి, దాని మీదుగా ఇస్త్రీపెట్టె వేడి చూపించాను. బంక మెత్తబడగానే పలచని స్పాచులా దూర్చాలి. పలచని స్పాచులా దొరక్క నేను మొదట వాడింది వంటింట్లోని అట్లకాడ. అంచును ఆకురాయితో అరగదీసి వాడాను. ఈ సంగతి ఇంట్లో తెలిశాక అట్లకాడ ఒకటి కొత్తది కొనవలసి వచ్చింది గానీ, నిజం చెప్పాలంటే అది తన పని బాగానే చేసింది. ఎపాక్సీ మాత్రం మామూలు బంక మెత్తబడే వేడికి లొంగలేదు. చాలాసేపు వేడిచేసి, తీగమందం చొప్పున లోపలికి జరుపుకుంటూ వెళితే గంటన్నరకు బ్రిడ్జి ఊడింది. ఊడుతూ ఊడుతూ పైచెక్క పీచును కొంత తనతో పట్టుకొచ్చింది. బ్రిడ్జి కూడా పిన్నుల రంధ్రాల వెంబడి రెండుగా చీలింది.

ఇప్పుడు పైచెక్క మీద గట్టిపడిన ఎపాక్సీ పొరను తీయాలి. పొర మందం అర మిల్లీమీటరు. దాని కింద ఉన్న స్ప్రూస్ గోటితో నొక్కితే గాటు పడేంత మెత్తన. అంటే రాయి వంటి పదార్థాన్ని వెన్న వంటి చెక్క మీద నుంచి, చెక్కకు దెబ్బ తగలకుండా తీయాలన్న మాట. నా దగ్గర అప్పటికి ఉన్నది ఆరు వందల రూపాయలకు నాలుగు చొప్పున అమ్మే ఉలుల సెట్టు. మొదటి రెండు నిమిషాలు సాఫీగా సాగింది. తర్వాత ఉలి జారడం మొదలైంది. జారుతోంది కనుక నేను ఇంకొంచెం గట్టిగా నెట్టాను. అది ఎపాక్సీ అంచు దాటి స్ప్రూస్‌లో మూడు సెంటీమీటర్ల పొడవున, ఒక మిల్లీమీటరు లోతున గాడి కోసింది. ఉలి అంచును దీపం కింద పెట్టి చూస్తే సన్నటి వెలుగు గీత కనబడింది. పదునైన అంచు వెలుగును వెనక్కి పంపదు. అక్కడ గీత మెరిసిందంటే అంచు మడత పడిందన్న మాటే. బ్రిడ్జి కింద దాగే చోటు కాబట్టి ఆ గాడి ఎవరికీ కనబడదు గానీ, ఇరవై ఏళ్ల చెక్కకు ఎండ, తేమ, ఎపాక్సీ చేయని గాయం నేను చేశాను.

ఆ ఉలిని మా వీధి చివర తలుపులు చేసే ఆచారిగారికి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, చదునుగా ఉండవలసిన వైపు బొటనవేలితో తడిమి, "దీని ఈపు సాపు లేదు సార్. ఈపు అద్దం లెక్క కాకుంటే ముంగట ఎంత నూరినా వేస్టే" అన్నారు. తన ఉలితో ఒక మెత్తటి చెక్కముక్క కొసను, అంటే నార నిలువుగా కనబడే వైపును, చెక్కి చూపించారు. కోసిన చోటు మైనం పూసినట్లు మెరిసింది. నా ఉలితో అదే చోట చెక్కితే పీచు నలిగి తెల్లగా, గరుకుగా తేలింది. ఉలి కొనేముందు దుకాణంలో చేయదగిన పరీక్ష ఇంతకు మించి లేదు. ఆచారిగారి ఉలి ఏ కంపెనీదో ఆయనకే గుర్తు లేదు. ఇరవై ఏళ్లుగా నూరి నూరి దాని నిడివి సగమైంది.

ఆ తర్వాత చెక్ దేశపు నారెక్స్ ఉలులు మూడు, 3, 6, 12 మిల్లీమీటర్లవి, విడివిడిగా కొన్నాను. ఒక్కొక్కటి మొత్తం పాత సెట్టుకు రెట్టింపు ధర పైనే పడింది. ఇవి క్రోమియం, మాంగనీసు కలిసిన ఉక్కుతో చేసినవి. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 59 దరిదాపుల్లో ఉంటుంది. ఆ అంకె వల్ల వాడేవాడికి కలిగే తేడా ఇది: ఎపాక్సీ మీద చవక ఉలికి రెండు నిమిషాలకొకసారి నూరవలసి వచ్చిన చోట, దీనికి ఇరవై నిమిషాలు చాలింది. వీపును చెక్కకు ఆనించి, అంచును ముందుకు నెట్టకుండా పక్కకు ఊపుతూ కోస్తే ఎపాక్సీ కొబ్బరి తురుములా లేచి వచ్చింది, కింద స్ప్రూస్ నార గీతలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. ఉలి చదునైన వీపే దానికి దారి చూపుతుంది. వీపు వంకరైతే అంచు ఎటు పోతుందో చేతికి తెలియదు. చాలా పాశ్చాత్య ఉలులకు కొన్న వెంటనే వీపును సానరాయి మీద చదును చేసుకోవాలి. వీటికీ ఒక్కొక్కదానికి ముప్పావు గంట పట్టింది. పెట్టెలోంచి తీయగానే పని మొదలుపెట్టాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అందుకే నా లెక్కలో అన్నిటికంటే ముందు కొనవలసింది సానరాయి. నేను వాడింది జపాను కింగ్ బ్రాండుది, ఒకవైపు 1000, మరోవైపు 6000 గరుకు (అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన) ఉన్న జంటరాయి. 1000 వైపును కొన్ని నిమిషాలు నీళ్లలో నానబెట్టాలి. 6000 వైపుకు పైన నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. నూరేటప్పుడు రాయి నుంచి ఊరే బురదను కడిగేయకూడదు, పదును పెట్టేది అదే. రాయి మెత్తనిది కావడం వల్ల త్వరగా కోస్తుంది, అదే కారణం వల్ల మధ్యలో త్వరగా గుంట పడుతుంది. గాజుపలక మీద నీటి ఉప్పుకాగితం పరిచి నెలకొకసారి రాయినే చదును చేసుకోవలసి వస్తుంది. ఈ శ్రమ ఇష్టం లేనివారికి వజ్రపు పొడి పూసిన ఇనుప పలకలు ఉన్నాయి. చవక ఉలికి మంచి సానరాయి తోడైతే ఎలాగోలా పని గడుస్తుంది, ఉలి ఎంత గొప్పదైనా రాయి లేకపోతే నెలలోపు మొద్దుబారుతుంది.

బ్రిడ్జి కొత్తది చేయాలి. గిటారు బ్రిడ్జికి ఇష్టపడే కొయ్యల్లో మన జిట్రేగి ఒకటి. ప్రపంచమంతటా గిటార్ల తయారీదారులు ఇండియన్ రోజ్‌వుడ్ అని వాడేది దీన్నే. 2017 నుంచి జిట్రేగి జాతి కొయ్యలన్నీ అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం (సైటీస్) జాబితాలో ఉన్నాయి. నాకు కావలసింది మాత్రం పదిహేను సెంటీమీటర్ల ముక్కే; పాత సామాన్ల దుకాణంలో విరిగిన పందిరిమంచం కోడు ఒకటి దొరికింది. కోసినప్పుడు గదంతా తియ్యటి వాసన. ఆ పొడి చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు, మాస్కు తప్పనిసరి.

ఇక్కడ జపాను దొజుకి రంపం తన విలువ చూపించింది. నేను కొన్నది గ్యోకుచో వారిది. దాని రేకు మందం 0.3 మిల్లీమీటర్లు, అంగుళానికి ఇరవైకి పైగా పళ్లు, వంగకుండా వీపున ఇనుప పట్టీ. మన రంపం నెట్టినప్పుడు కోస్తుంది, అందుకే ఒరిగిపోకుండా దాని రేకు మందంగా ఉండాలి. ఇది లాగినప్పుడు కోస్తుంది; లాగుతున్న రేకు తనంతట తాను బిగుసుకుంటుంది గనుక అంత పలచగా చేయగలిగారు. బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీ, అంటే శాడిల్, కూర్చునే గాడిని మిషను లేకుండా కోయడానికి నేను ఎంచుకున్న పద్ధతి, పాత గిటార్లలో మాదిరిగా బ్రిడ్జి ఒక పక్క నుంచి మరో పక్క వరకు సాగే గాడి. మూడు మిల్లీమీటర్ల ఎడంతో రెండు కోతలు, మధ్యలో మిగిలిన చెక్కను 3 మిల్లీమీటర్ల ఉలితో తీసేయడం. గాడి ఏటవాలుగా ఉండాలి. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) వరకు ఈ గిటారులో 325 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి శాడిల్ దాకా లెక్క ప్రకారం అంతే దూరం ఉండాలి, కానీ తీగను నొక్కినప్పుడు అది సాగి శ్రుతి పెరుగుతుంది కాబట్టి, సన్న తీగ దగ్గర మరో రెండు, లావు తీగ దగ్గర మరో అయిదు మిల్లీమీటర్లు కలపాలి. మామూలు రంపంతో ఒక తుక్కుముక్క మీద కోసి చూశాను. రంపం దారే మిల్లీమీటరు పైగా ఉంది. శాడిల్ గాడిలో వదులుగా ఊగింది. దొజుకితో రెండో ప్రయత్నానికే శాడిల్ వేలితో నొక్కితే దిగి, తలకిందులు చేస్తే పడకుండా నిలిచింది.

ఈ రంపానికి లోపాలూ ఉన్నాయి, అవి ఈ రకానికే సహజమైనవి. పళ్ల కొసలను విద్యుత్తుతో గట్టిపరుస్తారు కనుక ఆకురాయితో పదును పెట్టలేము, మొద్దుబారితే రేకు మార్చుకోవలసిందే. నెట్టే అలవాటున్న చేతిలో పడితే ఒక్క పొరపాటుకు రేకు వంగుతుంది. గట్టి కొయ్యలో తొందరపడితే పళ్లు విరుగుతాయి. ఇంట్లో ఎవరైనా దీనితో కొబ్బరి మట్ట కోయబోతే ఆపండి.

చిత్రిక విషయంలో నా అనుభవం వేరు. మొదట ఒక కొత్త చవక బ్లాక్ ప్లేన్, అంటే ఒంటిచేత్తో పట్టుకునే చిన్న చిత్రిక, కొన్నాను. దాని అడుగును గాజుపలక మీద ఆనిస్తే మధ్యలో రెండు కాగితాలు దూరేంత గుంట, తిరిగి ఇచ్చేశాను. తర్వాత ఎర్రగడ్డ ఆదివారం సంతలో, తుప్పుపట్టిన సైకిలు గొలుసుల మధ్య, ఇంగ్లండులో చేసిన పాత స్టాన్లీ 60½ దొరికింది. ఎనిమిది వందలు అడిగారు, ఆరు వందలకు ఇచ్చారు. తుప్పు వదిలించి, అడుగు చదును చేసి, బ్లేడు నూరడానికి రెండు ఆదివారాలు పట్టాయి. ఇందులో బ్లేడు సుమారు 12 డిగ్రీల వాలులో కూర్చుంటుంది, 25 డిగ్రీల అంచుతో కలిపి కోత కోణం 37 అవుతుంది. నార కొసలను కోయడానికి ఇది మంచిదే, కానీ జిట్రేగి నార అటూ ఇటూ పెనవేసుకుని ఉంటుంది కాబట్టి ఆ కోణంలో ముక్కలు ముక్కలుగా పెకలించింది. బ్లేడు అంచున 40 డిగ్రీల సన్నని రెండో వాలు నూరితే కోత కోణం 52 అయింది. అప్పుడు కొయ్య పట్టులా నునుపు తేలింది. ఇదే వెసులుబాటు కోసం కెనడా వెరిటాస్ వంటి కంపెనీలు వేర్వేరు కోణాల బ్లేడ్లు అమ్ముతాయి. నాణ్యత అంటే కొత్తదనం అని నేను అనుకోవడం ఆ సంతతో ఆగిపోయింది. మంచి పోత ఇనుము అరవై ఏళ్లయినా చదును చేయనిస్తుంది.

చీలిక సంగతి త్వరగా ముగిస్తాను. చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో తడి స్పాంజి పెట్టి, గిటారు లోపల ఉంచి, వారం రోజులు గిటారు పెట్టె మూసేస్తే చీలిక తనంతట తానే దాదాపు మూసుకుంది. బంక పోసి, లోపలివైపు నార అడ్డంగా ఉండేలా రెండు మిల్లీమీటర్ల మందమున్న చిన్న స్ప్రూస్ బిళ్లలు అయిదు అతికించాను. చేయి గుండ్రని రంధ్రంలోంచి ముంజేతి దాకా దూరుతుంది, కళ్లు దూరవు. అద్దం ముక్క, చిన్న దీపం సాయంతో తడుముకుంటూ చేయాలి. బిళ్లలను అదిమి పట్టడానికి క్లాంపు అందదు. లోపలొకటి, పైనొకటి నియోడిమియం అయస్కాంతం పెడితే పని అయిపోయింది. వీటికి రెండు వందలు కూడా కాలేదు. బ్రిడ్జి అతికించడానికి లోతు నోరున్న సి-క్లాంపులు మూడు కావాలి. రాణీగంజ్‌లో దొరికే మామూలు పోత ఇనుము క్లాంపులు చాలు. వాటి పని నొక్కి ఉంచడమే, సూక్ష్మత ఏమీ అక్కరలేదు.

బంక గురించి రెండు మాటలు. ఇంటి సామాన్లకు వాడే తెల్ల బంక బిగువైన లాగుడు కింద ఏళ్ల తరబడి మెల్లమెల్లగా జారుతుంది. పాత వడ్రంగులు వజ్రం అని పిలిచిన చర్మపు బంక ఎండితే గాజులా బిగుస్తుంది, మళ్లీ ఎప్పుడైనా వేడీ తడీ చూపిస్తే విడుతుంది. రేపు మరొకరు ఈ బ్రిడ్జిని ఊడదీయవలసి వస్తే వారికి ఎపాక్సీ తిప్పలు ఉండవు. దాన్ని 60 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచాలి, పూసిన నిమిషం లోపు క్లాంపులు బిగించాలి. అందుకే బంక లేకుండా మూడుసార్లు బిగించి సాధన చేసి, జిట్రేగిలోని నూనె పోయేలా అడుగును అసిటోన్‌తో తుడిచి, నాలుగోసారి బంకతో బిగించాను. ఒక రోజంతా కదపలేదు.

నట్‌లో ఒక్కో తీగకు ఒక్కో మందంలో గాటు కోయాలి. అందుకోసం ప్రత్యేకంగా అమ్మే కొలత ఆకురాళ్ల సెట్టు ధర ఈ గిటారు ధరలో సగం దాకా ఉంది. నెలకు పది గిటార్లు బాగుచేసేవారు తప్పక కొనవలసిందే. నేను వెల్డింగు టార్చి ముక్కు శుభ్రం చేసే సన్న ఆకురాళ్ల కట్ట వంద రూపాయలకు తెచ్చి, ఎముకతో చేసిన నట్ మీద వాడాను. నెమ్మదిగా కోస్తాయి, సన్న తీగ దగ్గర కాస్త వంగుతాయి, అయినా పని జరిగింది.

మొత్తం ఖర్చు పన్నెండు వేలు దాటింది, అందులో తొమ్మిది వేల పైచిలుకు ఉలులకు, రాయికి, రంపానికి. ఒక్క గిటారు కోసమే అయితే ఈ లెక్క పొసగదు. తెలిసిన మరమ్మతు పనివారికి ఇవ్వడమే నయం. చెక్కపని మీద ఇష్టం ఉండి, తర్వాత కూడా ఏదో ఒకటి చేస్తూ ఉండేవారు మాత్రం సానరాయి, 12 మిల్లీమీటర్ల ఉలి ఒకటి కొని మొదలుపెట్టవచ్చు. మిగతావి పని అడిగినప్పుడు కొనుక్కోవచ్చు.

ఏడు నెలలైంది. అదే విజిటింగ్ కార్డును బ్రిడ్జి వెనక అంచున పెట్టి చూశాను, మూల కూడా దూరలేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి ఆరు తీగలకూ సరిపోతోంది. మొదటి తీగ గాటును మాత్రం ఆ వెల్డింగు ఆకురాయితో వెంట్రుకవాసి లోతుగా కోసినట్లున్నాను, ఏమీ నొక్కకుండా గట్టిగా మీటితే మొదటి ఫ్రెట్‌కు తగిలి జుయ్యిమంటోంది. మా బావమరిది అది తనకు వినబడదంటున్నాడు. నాకు వినబడుతోంది, ఎముక ముక్క మరొకటి తెచ్చి ఉంచాను.